సిన్‌బయో టీమ్‌లో చేరాలా వద్దా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల, సింథటిక్ బయాలజీ టీమ్‌లు, అంటే బ్యాక్టీరియా లాంటి జీవుల జన్యువులను కొత్తగా అమర్చి మనకు కావలసిన పని చేయించే విద్యార్థుల టీమ్‌లు. కర్నూలు, అనంతపురం, కడప మూడు వైపుల నుంచీ అడిగినారు కాబట్టి మిగతావి వచ్చే నెలకు జరిపి ఇవే తీసుకుంటున్నా. కొందరు పేరు వేయొద్దన్నారు, అందుకని ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మేడమ్, నేను కర్నూలులో బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం. మా సార్ ఒకాయన సింథటిక్ బయాలజీలో ఐజెమ్ అని ఒక పోటీ ఉంది, పదిమందిమి కలిసి టీమ్ పెడదాం అంటున్నారు. మాకు ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు చూసి దించుకోవడమే, చుక్క కన్నా తక్కువ ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిప్పెట్ పట్టుకునింది కూడా ఏదో ఇన్‌స్పెక్షన్ రోజు. అసలు టీమ్‌లో ఏం చేస్తారు, మాలాంటోళ్ళకు అయ్యే పనేనా?

జవాబు: అయ్యే పనేనమ్మా, కాకపోతే మీరు అనుకునే పని వేరే, అక్కడ ఉండే పని వేరే. ముందు పోటీ సంగతి చెప్తా. అమెరికాలో ఎంఐటీలో 2003 జనవరిలో చిన్న కోర్సులాగా మొదలైంది, 2004 లో 5 టీమ్‌లతో పోటీ అయింది, ఇప్పుడు ఏటా ప్రపంచం మొత్తం మీద 400 దాకా టీమ్‌లు వస్తాయి, 2022 నుంచి ఫైనల్ పారిస్‌లో జరుగుతోంది. మనకు దగ్గర్లో చూస్తే ఐసర్ తిరుపతి పిల్లలు, ఐఐటీ మద్రాసు పిల్లలు కూడా ఇందులో పాల్గొన్నోళ్ళే. ఇంకో మాట, అక్కడ గోల్డ్ మెడల్ అంటే ఫస్ట్ ప్రైజ్ కాదు, పెట్టిన షరతులు పూర్తి చేసిన ప్రతి టీమ్‌కూ గోల్డ్ ఇస్తారు, కాబట్టి ఎవరైనా గోల్డ్ మెడల్ ఫొటో పెడితే అదిరిపోవద్దు, అట్లని చులకన కూడా చెయ్యొద్దు, ఆ షరతులు తేలికైనవేం కావు.

ఇక పని. ఒక సమస్య ఎంచుకుంటారు, దానికి బ్యాక్టీరియా చేత గానీ ఈస్ట్ చేత గానీ ఏం చేయిస్తే బాగుంటుందో ఆలోచిస్తారు, ఆ పని చేయించే జన్యువుల వరసను కంప్యూటర్‌లో గీస్తారు. ఆ తర్వాతే అసలు కష్టం. చిన్న ఉదాహరణ చెప్తా. జీఎఫ్‌పీ అని జెల్లీఫిష్‌లో దొరికిన ప్రొటీన్ ఉంది, నీలం కాంతి వేస్తే పచ్చగా మెరుస్తుంది, దాని మీద పని చేసిన ముగ్గురికి 2008 లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. దాని జన్యువుకు ముందు ఒక ప్రొమోటర్, అంటే జన్యువును ఆన్ చేసే ముక్క, ఒక రైబోజోమ్ బైండింగ్ సైట్, అంటే ప్రొటీన్ తయారీ మొదలయ్యే చోటు, చివర ఒక టెర్మినేటర్, అంటే ఆపేసే ముక్క, తగిలించి ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో పెడితే అది మెరవాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఇప్పుడు ప్రొమోటర్ మార్చినారనుకో, ఎంత ఎక్కువ మెరుస్తుంది? పోషకాలు తగ్గిస్తే? 37 డిగ్రీల బదులు 30 లో పెంచితే? దీనికి జవాబు మీ సీనియర్ రికార్డులో ఉండదు, మీ సార్‌కూ తెలియకపోవచ్చు, మీరు కొలిస్తేనే తెలుస్తుంది, మామూలు ప్రాక్టికల్‌కీ దీనికీ తేడా అంతా ఇక్కడే.

రోజువారీ ఎట్లుంటుందంటే, ఒకరోజు పీసీఆర్ పెట్టి, అంటే డీఎన్‌ఏ ముక్కను లక్షల కాపీలు చేసి, ముక్కలను సైజు వారీగా విడదీసే జెల్ మీద బ్యాండ్ సరైన సైజులో వచ్చిందా చూసుకుంటారు, ఎంజైమ్‌తో కత్తిరించి ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చక్రంలో అతికిస్తారు, సాయంత్రం ఆ డీఎన్‌ఏను కాంపిటెంట్ సెల్స్‌లోకి, అంటే బయటి డీఎన్‌ఏను తీసుకునేలా సిద్ధం చేసిన బ్యాక్టీరియాలోకి, ఎక్కించి ప్లేట్ మీద పరిచి ఇంటికి పోతారు, పొద్దున్నే పరిగెత్తుకుంటా వచ్చి కాలనీలు వచ్చినాయా అని ఇంక్యుబేటర్ తీసి చూస్తారు. వస్తే వాటిని పెంచి ప్లాస్మిడ్ తీసి, డీఎన్‌ఏ వరస చదివే సీక్వెన్సింగ్‌కు పంపి ఫలితం కోసం కాచుకుంటారు. రాకపోతే మళ్ళీ మొదటికి. రాకపోవడమే ఎక్కువ, ఇది ముందే తెలుసుకుని చేరండి.

నీకు వచ్చేది ఏందంటే ఒక నోట్‌బుక్. ఏ రోజు ఏ ట్యూబ్‌లో ఎన్ని మైక్రోలీటర్లు వేసినావు, ఎందుకు వేసినావు, ఏం వస్తుందనుకున్నావు, ఏం వచ్చింది, అన్నీ నీ చేతిరాతలో తేదీతో. రేపు ఎంఎస్సీ ఇంటర్వ్యూలో గానీ పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో గానీ నువ్వేం చేసినావమ్మా అంటే, నాలుగు నిమిషాలు తడుముకోకుండా చెప్పగలిగేది ఇదే. ఐజెమ్ వాళ్ళు కూడా టీమ్ వెబ్‌సైట్‌లో ఎవరు ఏం చేసినారో విడివిడిగా రాయమంటారు, సార్ చేసినది సార్ పేరు మీద, బయట ల్యాబ్ చేసినది వాళ్ళ పేరు మీద. కాబట్టి చేరే ముందు మీ సార్‌ను ఒకటే అడుగు, పిప్పెట్ మా చేతికి ఇస్తారా సార్ అని. ఎంజైమ్ ఖరీదైంది మీరు పక్కన నిలబడి చూడండి అంటే ఆ టీమ్‌లో నీకు ఫొటో తప్ప ఏమీ రాదు.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల అంగడి. మా పాప బయట ఊర్లో బీటెక్ బయోటెక్నాలజీ చదువుతోంది. వేసవి సెలవులకు రాకుండా ల్యాబ్‌లో ఉంటానంటోంది, బ్యాక్టీరియాలో జన్యువులు మారుస్తున్నాం నాన్నా అంటుంది. నాకు వింటేనే భయంగా ఉంది. ఏమన్నా జబ్బు అంటుకుంటుందా? ఇంత చేస్తే ఉద్యోగం వస్తుందా?

జవాబు: అన్నా, భయపడాల్సింది తక్కువ, అడగాల్సింది కొంచెం ఉంది. పిల్లలు వాడే ఈ.కోలై చాలావరకు కే-12 రకం నుంచి వచ్చింది, ల్యాబ్‌లో దశాబ్దాలుగా పెరిగి పెరిగి మన పేగుల్లో నిలదొక్కుకునే శక్తి పోగొట్టుకున్న రకం, ఆరోగ్యంగా ఉన్న మనిషికి దీంతో జబ్బు రాదు. మీ వీధిలో షుగర్‌కు ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఉంటారు కదా, అది కూడా జన్యువు మార్చిన బ్యాక్టీరియాతోనో ఈస్ట్‌తోనో తయారైనదే, 1982 నుంచి మార్కెట్‌లో ఉంది. అంటే మీ పాప నేర్చుకుంటున్నది కొత్తగా పుట్టిన వింత విద్యేం కాదు.

ప్రమాదం అంటే నిజానికి బ్యాక్టీరియా కన్నా చుట్టూ ఉండే సామాన్ల దగ్గరే ఎక్కువ. జెల్‌లో వేసే ఎథీడియం బ్రోమైడ్ రంగు ఒంటికి మంచిది కాదు, యూవీ లైట్ కళ్ళకు, చర్మానికి చెడుపు, ఆవిరితో సామాన్లు శుద్ధి చేసే ఆటోక్లేవ్ మూత తొందరపడి తీస్తే చేతులు కాలుతాయి, జెల్ కరిగించే మైక్రోవేవ్‌లో సీసా పొంగి మీద పడుతుంది. పాపకు ఫోన్ చేసి గ్లవ్స్ వేసుకుంటున్నావా, కోటు వేసుకుంటున్నావా, ల్యాబ్‌లో టీ తాగడం లేదు కదా, రాత్రిపూట ఒక్కదానివే ఉండటం లేదు కదా అని అడగండి. ఇంకోటి, జన్యుమార్పు పని చేసే ప్రతి సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఉండాలని మన దేశంలో 1989 నుంచే నిబంధన ఉంది, మీ కాలేజీలో ఉందా అని కూడా అడగొచ్చు, తండ్రి అడిగితే తప్పేం లేదు.

ఉద్యోగం మాట సూటిగా చెప్తా. ఒక్క వేసవి పనితో ఉద్యోగం రాదు. బీటెక్ తర్వాత ఎంటెక్‌కో పరిశోధనకో పోతే మాత్రం ల్యాబ్ పని తెలిసిన పిల్లకూ తెలియని పిల్లకూ తేడా మొదటి వారంలోనే తెలిసిపోతుంది, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో, బెంగళూరు కంపెనీల్లో కూడా అంతే. కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో బయోఈ3 అని ఒక విధానం తెచ్చింది, సూక్ష్మజీవులతో వస్తువులు తయారుచేసే పరిశ్రమను పెంచడానికి, దానివల్ల మన జిల్లాల పిల్లలకు ఎప్పుడు ఎంత ఒరుగుతుందో చూడాలి, పేపర్లో చదివి ఆశలు పెంచుకోవద్దు. దసరాకు పిల్ల ఇంటికొస్తుంది లెండి, ఈ వేసవి ఉండనీయండి.

ప్రశ్న: కడప నుంచి. మేము ఎంఎస్సీ వాళ్ళం నలుగురం, జీఎఫ్‌పీని ఒక ప్లాస్మిడ్‌లో పెట్టాలని చూస్తున్నాం. వారాలు గడుస్తున్నా ప్లేట్ మీద ఒక్క కాలనీ లేదు, ఒకసారి మాత్రం ప్లేట్ నిండా వచ్చినాయి గానీ ఒక్కటీ మెరవలేదు. లైగేషన్, అంటే డీఎన్‌ఏ ముక్కల అతుకు, పాడని ఒకడు, సెల్స్ చచ్చినాయని ఒకడు, నీళ్ళు బాగలేవని ఇంకొకడు. ఇప్పుడు మాలో మాకే మాటల్లేవు.

జవాబు: మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, ఏమనుకోవద్దు, ప్రతి టీమ్‌లోనూ ఈ ముగ్గురు ఉంటారు. ముగ్గురూ కరెక్టే అయ్యుండొచ్చు, అది తేల్చేది మాటలు కాదు ప్లేట్లు. ఒకేసారి సెల్స్ మార్చి, అతికించే ఎంజైమ్ లైగేజ్ మార్చి, నీళ్ళు మార్చి మళ్ళీ చేస్తున్నారు చూడండి, అది ఆపండి, అట్లా చేస్తే వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు.

ఈసారి అసలు ప్రయోగంతో పాటు ఇంకో నాలుగు ప్లేట్లు పెట్టండి. డీఎన్‌ఏ ఏమీ వేయని సెల్స్‌ను యాంటీబయోటిక్ లేని ప్లేట్ మీద పరిస్తే గడ్డిలాగా ఒత్తుగా రావాలి, రాలేదంటే సెల్స్ చచ్చినాయన్నవాడు గెలిచినాడు. అవే సెల్స్ యాంపిసిలిన్ అనే యాంటీబయోటిక్ ఉన్న ప్లేట్ మీద పరిస్తే ఒక్కటి కూడా రాకూడదు, దాన్ని తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్‌లోనే ఉంటుంది కాబట్టి, వస్తే మీ యాంపిసిలిన్ పని చేయడం లేదు, అగర్ బాగా వేడిగా ఉన్నప్పుడే కలిపేసుంటారు, చేత్తో సీసా పట్టుకోగలిగేంత చల్లారాకే, అంటే 50 డిగ్రీల దగ్గర, కలపాలి. మూడోది, పీయూసీ19 లాంటి చెక్కుచెదరని ప్లాస్మిడ్ కొలిచి వేసి కాలనీలు లెక్కపెట్టండి, ఒక మైక్రోగ్రాముకు ఎన్ని వస్తాయో లెక్క కట్టండి. పది లక్షలు వస్తే మామూలు ప్లాస్మిడ్‌కు చాలు గానీ లైగేషన్‌కు కోటి పైన ఉంటే నిశ్చింత, మీరు ల్యాబ్‌లోనే కాల్షియం క్లోరైడ్‌తో చేసుకున్న సెల్స్ అయితే ఇక్కడే దొరికిపోతారని నా అనుమానం. నాలుగోది కత్తిరించిన వెక్టర్, అంటే జన్యువును మోసే ప్లాస్మిడ్, ఒక్కటే, ఇన్సర్ట్, అంటే అందులో పెట్టే జన్యువు, లేకుండా, లైగేజ్ వేసి. దీని మీద కాలనీలు బోలెడు వస్తే మీకు ఆరోజు ప్లేట్ నిండా వచ్చి మెరవని కథ అర్థమైపోయినట్టే, వెక్టర్ తనకు తానే మళ్ళీ మూసుకుంది, లేకపోతే అసలు కత్తిరించుకోనేలేదు. రెండు వేర్వేరు ఎంజైమ్‌లతో కత్తిరించండి, వెక్టర్ మళ్ళీ మూసుకోకుండా ఫాస్ఫేటేజ్ ఎంజైమ్ వేయండి, జెల్ మీద కత్తిరించనిది పక్కన పెట్టి పోల్చి చూడండి. ఇన్సర్ట్, వెక్టర్ 3 కి 1 అని పుస్తకంలో ఉంటుంది కదా, అది మోల్స్‌లో, అంటే అణువుల లెక్కలో, నానోగ్రాముల్లో కాదు, చిన్న ఇన్సర్ట్‌ను బరువు చూసి మూడింతలు వేసేస్తే లెక్క ఎక్కడికో పోతుంది.

ఇంకో సంగతి, పెద్ద కాలనీ చుట్టూ పిల్ల కాలనీలు ముసురుకుని ఉంటే వాటిని తీయొద్దు. పెద్దది విడిచే ఎంజైమ్ చుట్టుపక్కల యాంపిసిలిన్‌ను తినేస్తుంది, ఆ నీడలో ప్లాస్మిడ్ లేనివి కూడా పెరుగుతాయి. ప్లేట్లు మరీ ఎక్కువ గంటలు ఇంక్యుబేటర్‌లో వదిలేస్తే ఇది ఇంకా ఎక్కువ.

మన ఊరి కష్టం ఒకటుంది, అది విదేశీ ప్రొటోకాల్‌లో రాయరు. హీట్ షాక్ 42 డిగ్రీల దగ్గర 45 సెకన్లు అంటారు, కడపలో మే నెలలో బయట ఎండే 42 దాటుతుంది, ఏసీ లేని గదిలో ఐస్ బకెట్ కళ్ళముందే నీళ్ళవుతుంది, సెల్స్ ఐస్ మీద ఉన్నాయనుకుంటారు కానీ గోరువెచ్చని నీళ్ళలో తేలుతుంటాయి. పొద్దున తొమ్మిదిలోపే ఆ పని ముగించుకోండి. కరెంటు పోయి మైనస్ 80 ఫ్రీజర్ వేడెక్కిందా అని వాచ్‌మన్‌ను అడిగి రాసుకోండి. ఒకసారి కరిగిన సెల్స్‌ను మళ్ళీ గడ్డ కట్టించి వాడొద్దు, అందుకే చిన్న చిన్న ట్యూబుల్లో పంచి పెట్టుకోవాలి.

మాటల్లేవన్నారు కదా, నలుగురూ ప్లేట్లు పెట్టే ముందే ఎవరి అనుమానం ఏందో నోట్‌బుక్‌లో రాసి కింద సంతకం పెట్టండి, ఏ ప్లేట్ ఎట్లా వస్తే నేను తప్పు అని కూడా రాయండి. పొద్దున ప్లేట్లు తీసేటప్పటికి మీరే మాట్లాడుకుంటారు. మెరవకపోతే సరైన లైట్ కింద చూస్తున్నారా అన్నది కూడా చూసుకోండి, ట్యూబ్‌లైట్ కింద చూసి మెరవలేదన్నవాళ్ళు ఉన్నారు.

ప్రశ్న: అనంతపురం. మేము సీఎస్‌ఈ ఇద్దరం, ఈసీఈ ఒకడు, బయోటెక్ ఫ్రెండ్స్ నలుగురు. మా జిల్లా బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ కదా, దాన్ని తినేసే బ్యాక్టీరియా తయారుచేసి బోర్లలో వదలాలని మా ఐడియా. ఇంటర్‌లో ఎంపీసీ చదివినోళ్ళం, ఇందులో మాకు పనుంటుందా?

జవాబు: సమస్య మంచిది పట్టుకున్నారు, పరిష్కారం మాత్రం రెండు చోట్ల కూలిపోతుంది. ఫ్లోరైడ్ అంటే ఫ్లోరిన్ అనే మూలకం అయాన్ నాయనా, నూనెనో పురుగుమందునో విరగ్గొట్టినట్టు దాన్ని బ్యాక్టీరియా విరగ్గొట్టి మాయం చెయ్యలేదు, మహా అయితే ఒకచోట నుంచి ఇంకోచోటికి మారుస్తుంది. రెండోది, జన్యువు మార్చిన జీవిని ల్యాబ్ బయట వదలడం ఐజెమ్ నిబంధనల్లోనే నిషేధం, మన చట్టం ప్రకారం కూడా అనుమతి లేకుండా కుదరదు. బోరులో వదులుతాం అని రాసి పంపితే అక్కడే ఆగిపోతారు.

తినడం వదిలేసి కనిపెట్టడం వైపు రండి. చాలా బ్యాక్టీరియాల్లో ఫ్లోరైడ్ తగిలితే ఆకారం మార్చుకునే ఆర్‌ఎన్‌ఏ ముక్క ఉంది, రైబోస్విచ్ అంటారు, యేల్ యూనివర్సిటీలో రోనాల్డ్ బ్రేకర్ బృందం 2012 లో బయటపెట్టింది. ఫ్లోరైడ్ ఎక్కువైతే అది స్విచ్ వేసినట్టు తన వెనక ఉన్న జన్యువును పని చేయిస్తుంది. ఆ జన్యువు స్థానంలో రంగు వచ్చేది పెడితే నీళ్ళ పరీక్ష తయారు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో జూలియస్ లక్స్ బృందం అసలు బతికున్న బ్యాక్టీరియానే లేకుండా, దాని లోపలి సరుకును మాత్రం ఎండబెట్టి ట్యూబులో పెట్టి, కోస్టారికాలో నీళ్ళ మీద పరీక్షించింది. జీవి లేదు కాబట్టి వదిలే గొడవా లేదు.

ఇప్పుడు మీ ముగ్గురి పని చూడండి. తాగే నీళ్ళకు మన బీఐఎస్ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్ళు లేకపోతే 1.5 దాకా. మీ స్విచ్ 10 దగ్గర ఆన్ అయితే ఎవరికీ పనికిరాదు, 1 కీ 2 కీ మధ్య తేడా చెప్పాలి. ఏ గాఢతకు ఎంత రంగు, ఎన్ని నిమిషాలకు, ఏ పార్టు మార్చితే ఆ వంపు ఎటు జరుగుతుంది, ఇదంతా డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, గాఢత పెరిగేకొద్దీ స్పందన ఎట్లా పెరుగుతుందో చెప్పే హిల్ ఫంక్షన్లు, మీరు ఇంటర్‌లో చేసిన లెక్కలే కొంచెం పెద్దవి, పైథాన్‌లో కూర్చుని చేయొచ్చు. ఈసీఈ అబ్బాయి ఒక ఎల్‌ఈడీ, ఒక ఫొటోడయోడ్, ఒక నల్ల డబ్బాతో రంగు కొలిచే పెట్టె చేస్తాడు, అది బయోటెక్ వాళ్ళకు రోజూ పనికొస్తుంది. కానీ ఒక షరతు, మీరు ముగ్గురూ కనీసం కొన్నాళ్ళు ల్యాబ్‌లో నిలబడి డేటా మీ చేతులతో తియ్యండి, ఒకే నమూనాను మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు ఎందుకొస్తాయో కళ్ళారా చూడనోడు రాసిన మోడల్ అందంగా ఉంటుంది, పని చెయ్యదు.

గీయడం మొదలుపెట్టే ముందు ఊర్లకు పోండి. ఫ్లోరైడ్‌కు రంగు మారే కిట్లు, ఎలక్ట్రోడ్ మీటర్లు ఇప్పటికే ఉన్నాయి, గ్రామీణ నీటి సరఫరా ల్యాబుల్లో పరీక్షలు చేస్తారు, మరి మీది ఎందుకు అని జడ్జి అడుగుతాడు, అంతకంటే ముందు ఊర్లో అవ్వ అడుగుతుంది, ఫ్లోరైడ్ ఉందని తెలిస్తే ఏం చెయ్యాల మేము, క్యాను నీళ్ళు కొనుక్కోవాల అంతే కదా అని. ఈ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే ప్రాజెక్ట్ మార్చుకోవడమే మేలు. శనక్కాయల్లో బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా మన జిల్లా సమస్యే, దాని గురించీ రైతులతో మాట్లాడి చూడండి.

ప్రశ్న: ఐజెమ్ ఫీజు చూసి కళ్ళు తిరిగినాయి మేడమ్. మాది చిన్న డిగ్రీ కాలేజీ, నంద్యాల రోడ్డులో. ల్యాబ్ అంటే రెండు మైక్రోస్కోపులు. మాలాంటోళ్ళు వదిలేయాల్సిందేనా?

జవాబు: పోటీ వదిలేయండి, పని వదలొద్దు. ఫీజే వేల డాలర్లు, పారిస్ ఖర్చు దాని మీద, అంత డబ్బు చేతిలో ఉంటే నేనైతే ముందు మీ కాలేజీకి ఒక పీసీఆర్ మెషీన్ కొనమంటా.

డిజైన్ నేర్చుకోవడానికి పైసా అక్కర్లేదు, డీఎన్‌ఏ డిజైన్ గీసే బెంచ్‌లింగ్ విద్యార్థులకు ఉచితం, డీఎన్‌ఏ వరసలను పోల్చి వెతికే బ్లాస్ట్ ఉచితం, పాత ఐజెమ్ టీమ్‌ల వెబ్‌సైట్లు ఎవరైనా చదువుకోవచ్చు, అందులో ఫెయిల్ అయిన ప్రయోగాలు కూడా రాసుంటారు, వాటినే ముందు చదవండి. చేతిపని మొదలుపెట్టడానికి మట్టిలో బ్యాక్టీరియాను వేరు చెయ్యడం, గ్రోత్ కర్వ్ గీయడం చాలు. ఈ.కోలై మంచి తిండి దొరికితే 20 నిమిషాలకు రెట్టింపవుతుందని పుస్తకంలో చదివినారు కదా, మీ ల్యాబ్‌లో మీ మీడియాలో, అంటే బ్యాక్టీరియాకు పెట్టే తిండిలో, ఎంతసేపు పడుతుందో మీరే తేల్చండి. మీడియా ఉడికించడానికి ఆటోక్లేవ్ లేకపోతే ప్రెషర్ కుక్కర్ సరిపోతుంది.

క్లోనింగ్, అంటే జన్యువును ప్లాస్మిడ్‌లో పెట్టే పని, దాకా రావాలంటే మాత్రం బయోసేఫ్టీ కమిటీ ఉన్న చోటికే పోవాలి. కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ ఉంది, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, కడపలో యోగి వేమన ఉన్నాయి. ప్రొఫెసర్లకు మెయిల్ రాసేటప్పుడు రెస్పెక్టెడ్ సర్ ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్ అని ఒకటే ముక్క వందమందికి పంపొద్దు, ఆయన పేపర్ ఒకటి చదివి అందులో అర్థం కానిది ఒకటి అడగండి, పక్కనే మీ గ్రోత్ కర్వ్ పెట్టండి. ఏటా మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తులు పిలుస్తారు, వేసవిలో రెండు నెలలు పెద్ద సంస్థల్లో పని, స్టైపెండ్ కూడా ఇస్తారు, మన వైపు నుంచి రాసేవాళ్ళే తక్కువ.

ప్రశ్న: రెండు వారాల ఆన్‌లైన్ సింథటిక్ బయాలజీ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్, 4,999 రూపాయలు, సర్టిఫికెట్, లెటర్ ఆఫ్ రికమెండేషన్ గ్యారంటీ అని వాట్సాప్‌లో వచ్చింది. కట్టొచ్చా? ఈరోజే లాస్ట్ డేట్ అంట.

జవాబు: కట్టొద్దు. లాస్ట్ డేట్ రేపు కూడా ఉంటుంది, చూడండి. నిన్ను ఒక్కసారి కూడా చూడకుండా రికమెండేషన్ గ్యారంటీ అనేవాడి ఉత్తరాన్ని ఎవరూ చదవరు. అదే డబ్బుతో ఆరేడు మంది కలిసి వేసుకుంటే ఒక సెకండ్‌హ్యాండ్ మైక్రోపిప్పెట్, కొన్ని టిప్పులు, బ్యాక్టీరియా తిండికి వాడే ఎల్బీ పొడి డబ్బా వస్తాయి, పిప్పెట్ కొనేముందు నీళ్ళు తీసి త్రాసు మీద తూచి చూసుకోండి, 1000 మైక్రోలీటర్లు 1 గ్రాము దగ్గర రావాలి, రాకపోతే అమ్మేవాడికే తిరిగి ఇచ్చేయండి.